పుర్రచేతి కత్తి

“ఎల్లుండికి ఒక పాతిక సెక్షన్లు కోసిపెట్టు. కాస్త పల్చగా,” అన్నారు మా ఆయన, టీ కప్పు నా వైపు జరుపుతూ. కప్పు జరిపారంటే మళ్లీ పొయ్యమని.

నేను బంగాళాదుంపలకి చెక్కు తీస్తున్నాను. లేచి టీ పోశాను. మళ్లీ కూచుని దుంప అందుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన కోసం మొక్కల కాడలు కోస్తున్నాను, నా కోత మందంగా ఉందని ఒక్కరూ అనలేదు. అయినా ప్రతిసారీ ‘కాస్త పల్చగా’ అంటారు. ఆ మాట అంటేగానీ పని తాను చేయించినట్టుండదు కాబోలు. “ఏ కాడ?” అని అడిగాను. “పొద్దుతిరుగుడు. అదైతే అందరికీ అర్థమవుతుంది. కత్తి కూడా ఒకసారి సానపట్టు, మొన్న చూస్తే మొద్దుబారినట్టుంది,” అన్నారు. మొన్న ఆయన కత్తిని చూడలేదు. కత్తి ఉన్న పెట్టె మూతని చూశారు.

సెక్షన్ అంటే లేత కాడని అడ్డంగా కోసిన బిళ్ల. ఉల్లిపొర కంటే పల్చగా ఉండాలి, లేకపోతే మైక్రోస్కోపు కింద వెలుతురు దాన్ని దాటదు, నల్ల మచ్చ తప్ప ఏమీ కనబడదు. ఇప్పుడు దీనికి యంత్రాలొచ్చాయి. మా రోజుల్లో చేత్తోనే కోసేవాళ్లం, మంగలి కత్తిలాంటి మడత కత్తితో. కాడ మెత్తనిదైతే బెండు ముక్కని చీల్చి మధ్యలో బిగించి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కత్తిని మన వైపు లాక్కోవాలి. నొక్కకూడదు. నొక్కితే కాడ చితుకుతుంది. కత్తి బరువు కత్తినే మొయ్యనిస్తూ, పిడి దగ్గర మొదలుపెట్టి కొస దాకా జారనివ్వాలి. అది మాటల్లో చెబితే వచ్చే విద్య కాదు, చెప్పి చెప్పి మా ఆయన ఒక పుస్తకమే రాశారనుకోండి.

ఆ కత్తికి ఒక గుణం ఉంది. మంగలి కత్తికి రెండు పక్కలా గుంట ఉంటుంది. దీనికి ఒక పక్క పలకలా చదును, రెండో పక్క మాత్రమే గుంట. చదును పక్క కిందికి ఉండి కాడని రాసుకుంటూ పోవాలి. గుంట పైకి ఉండాలి, అందులో నాలుగు నీటి చుక్కలు నిలిస్తే తెగిన బిళ్ల ముడతపడకుండా అందులో తేలుతుంది. అందుకని ఈ కత్తికి చేతివాటం ఉంటుంది. కుడిచేతివాళ్ల కోసం చేసినదాన్ని ఎడమ చేత్తో పట్టుకుంటే గుంట కిందికి తిరిగిపోతుంది. అప్పుడది కాడలోకి దిగబడుతుంది, లేదంటే పైకి జారి గాలిని కోస్తుంది. ఎడమచేతివాళ్ల కోసం చేసినదాన్ని కుడిచేత్తో పట్టుకున్నా అదే గతి. మా ఇంట్లో ఉన్నది ఎడమచేతి కత్తి. మా ఇంట్లో పుర్రచేతివాటం ఉన్న మనిషిని నేనొక్కదాన్నే.

పోయిన వారం మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. మా ఆయన పనిచేసిన కాలేజీలో ఆయన స్లైడులన్నిటినీ ఒక గదిలో పెట్టి, గదికి ఆయన పేరు పెడుతున్నారు. చెక్క అరల్లో పదకొండు వందల పైచిలుకు స్లైడులు. ఆ అమ్మాయి వాటిని ఒక్కొక్కటే వెలుతురులోకి ఎత్తి చూస్తూ, మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టింది. నాకు తెలుస్తూనే ఉంది. వంట తిన్నవాళ్లు బాగుందని చెప్పకముందే మొహం చూసి కనిపెట్టడం నాకు అలవాటే. తరవాత కత్తి పెట్టె తెరిచింది. కత్తిని విప్పి, కిటికీ వైపు తిప్పి, అటూ ఇటూ చూసింది.

“సార్, ఇది ఎడమచేతివాళ్ల కత్తి కదా?”

మా ఆయన నవ్వారు. “నాకు రెండు చేతులూ ఒకటేనమ్మా. అలా సాధన చేశాను.”

ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి. నేను మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

“ఆంటీ, మీరూ లాబ్‌లో పనిచేశారట కదా?” అంది ఆ అమ్మాయి నన్ను చూసి.

“ఆవిడా? పెళ్లికి ముందు కొన్నాళ్లు. సామాను కడిగి అందించేది. ఇప్పటికీ సాయం చేస్తుందిలే పాపం,” అన్నారు ఆయన, నా బదులు. ఆ ‘పాపం’ నాకు బహుమానం.

ఆ అమ్మాయి ఒక ఫారం తీసి గడులు నింపడం మొదలుపెట్టింది. సేకరించినవారు, ఆయన పేరు. రంగు వేసినవారు, ఆయన పేరే. ‘కోసినవారు’ అన్న గడి దగ్గర ఆయన పేరు చెప్పబోతే ఆ అమ్మాయి కలం ఎత్తేసింది. “ఇది మాత్రం కోత కళ్లారా చూశాకే రాస్తాం సార్. చేతి కోత కదా, మా దగ్గర అదే పద్ధతి. ఒకసారి సిరాతో ఎక్కితే ఇక మార్చడం ఉండదు. ప్రారంభోత్సవం రోజున మీరే కోసి చూపించండి, అందరి ముందూ అక్కడే రాసేద్దాం.”

“భేషుగ్గా,” అన్నారు మా ఆయన. ఆయనకి గుండె దడ కూడా రాలేదు. ఎందుకు వస్తుంది? నేనున్నానుగా.

క్లాసుల్లో ముప్ఫై ఏళ్లు ఇలాగే నడిచింది. నేను ఇంట్లో ముందే బిళ్లలు కోసి, గాజు గిన్నెలో నీళ్లలో వేసి ఇచ్చేదాన్ని. రంగు వెయ్యని బిళ్ల నీళ్లలో ఉంటే రెండడుగుల దూరం నుంచి కనబడదు. ఆయన పిల్లల ముందు కాడని ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో కత్తిని నాలుగుసార్లు ఆడించి, తెగిన చెక్కల్ని బొటనవేలి చాటున తట్టలోకి వదిలేసి, కుంచెతో కత్తి అంచుని తుడిచినట్టు తుడిచి గిన్నెలో ముంచేవారు. కుంచెతో నా బిళ్లని పైకి తీసేవారు. పిల్లలు నోరు తెరిచి చూసేవాళ్లు. ఒకసారి ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఇంటికొచ్చి, “మేడమ్, సార్ చేతిలో మంత్రం ఉంది,” అని నాతోనే అంది. ఆ మంత్రం అప్పుడు స్టవ్ మీద పాలు పొంగకుండా చూస్తోంది.

ఆ కత్తి నాకెలా దొరికిందో కూడా చెప్పాలి. ఇరవై రెండో ఏట ఆ లాబ్‌లో తాత్కాలిక సహాయకురాలిగా చేరాను. బీరువాలో చెక్కపెట్టె, అందులో కవలల్లాంటి రెండు కత్తులు. ఒకదాని పిడికి దారంతో చీటీ కట్టి ఉంది, ‘పనికిరాదు’ అని. ఎవరి కోసం తెప్పించారో, ఆ మనిషి ఎప్పుడు వెళ్లిపోయారో ఎవరికీ తెలీదు. తరవాత వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని కుడిచేత్తో పట్టి, కాడ చితక్కొట్టి, చీటీ నిజమేననుకుని లోపల పెట్టేశారు. ఆర్నెల్లు నేను మంచి కత్తితో కుస్తీ పట్టాను. చిన్నప్పుడు బళ్లో స్కేలుతో కణుపుల మీద కొట్టి నా బలపాన్ని కుడిచేతిలోకి మార్పించారు, అందుకని ఆ చేత్తో రాయడం వచ్చు, కోయడం మాత్రం రాలేదు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు చీటీ కత్తిని ఎడమ చేతిలోకి తీసుకున్నాను. ఒక్క లాగు. బిళ్ల నీళ్లలో పడితే ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఒక్కదాన్నే ఆ లాబ్‌లో బల్లల మధ్య గిర్రున తిరిగాను.

ఆ బిళ్లని మైక్రోస్కోపులో మొదట చూసింది అప్పుడే కొత్తగా చేరిన లెక్చరరు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక నా మొహం చూడలేదు, నా చేతుల్ని చూశాడు. రెండు నెలల్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. “ఈ చేతుల కోసమే చేసుకుంటున్నాను,” అని అందరితో చెప్పేవాడు, నేను మురిసిపోయేదాన్ని. నిజం చెప్పిన మగవాణ్ణి చూసి మురిసిపోవడం అదే మొదలు, అదే ఆఖరు. పెళ్లయ్యాక, “ఇద్దరం ఒకేచోట ఉంటే బాగుండదు,” అన్నారు. ఒకేచోట ఉండకూడని ఇద్దరిలో ఎవరు మానాలో చర్చకే రాలేదు. నేను మానేశాను. చీటీ కత్తి ఎలాగూ ఎవరికీ పనికిరాదు కాబట్టి దాన్ని ఇంటికి తెచ్చారు. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, పక్కన ఒక కట్ట కాడలు పెట్టి, “కాస్త పల్చగా,” అన్నారు.

మా అత్తగారికి నా ఎడమ చెయ్యి పడేది కాదు. “ఆ పుర్రచేత్తో వడ్డించకు, తిన్నది ఒంటబట్టదు,” అనేవారు. నిజంగానే చాలా ఏళ్లు కుడిచేత్తోనే వడ్డించాను, సగం బల్ల మీద ఒలకబోసుకుంటూ. ఒలికినందుకు మళ్లీ తిట్లు. అదే బల్ల మీద మధ్యాహ్నం అదే పుర్రచేత్తో ఆవిడ కొడుకు డాక్టరేట్‌కి కాడలు కోస్తుంటే మాత్రం ఆవిడ చప్పుడు చెయ్యకుండా నడిచేవారు, “మా వాడి పని జరుగుతోంది,” అని వచ్చినవాళ్లకి చెప్పేవారు. ఆ డాక్టరేట్ గ్రంథం ముందుమాటలో ఆయన గైడుకీ, టైపు చేసినతనికీ, బైండు చేసిన కొట్టువాడికీ కృతజ్ఞతలు చెప్పారు. ఆఖర్న నా సహనానికి చెప్పారు.

ఆ తరవాత పుస్తకం వచ్చింది, చేతి కోత ఎలా కొయ్యాలో. అందులో ఫొటోలకి ఆయన తెల్లకోటు నాకు తొడిగించి, ఉంగరం తీయించి, మణికట్టు దాకా మాత్రమే తీయించారు. “ఎడమ చెయ్యి చూస్తే పిల్లలు తికమకపడతారు,” అని ఫొటోలన్నీ ఎడమ కుడి అయ్యేలా తిరగేసి అచ్చు వేయించారు. ఇప్పటికీ ఆ పుస్తకం చూసి ఎవరైనా ఆయన చేతుల్ని మెచ్చుకుంటే, ఆయన తన చేతుల్ని తానే ఒకసారి చూసుకుంటారు. నమ్ముతారు కూడా. అబద్ధం ఆడేవాణ్ణి భరించొచ్చు. తన అబద్ధాన్ని తనే నమ్మినవాడితో కాపురం చెయ్యడం ఇంకో రకం.

నేను ఒక్కసారి అడిగాను. పదకొండేళ్ల కింద. కొత్త స్లైడులకి చీటీలు అంటిస్తూ, “కింద చిన్న అక్షరాలతో ‘కోత’ అని నా పేరు వెయ్యచ్చుగా,” అన్నాను. ఆ ఆదివారం ఆయన డిపార్టుమెంటువాళ్లు ఆరుగురు భోజనానికి వచ్చారు. నేను కూర వడ్డిస్తున్నాను. “వినండి, మా ఇంట్లో ఒక జోకు,” అని మొదలుపెట్టారు. “కూరలు తరిగే మనిషి హోటలు బోర్డు మీద పేరు వెయ్యమందట.” ఆరుగురూ నవ్వారు. అందులో ఒకాయనకి పొలమారితే నెత్తి మీద తట్టి నేనే నీళ్లిచ్చాను. మా ఆయన ఇంకా ఊరుకోక, “కొయ్యడం ఎవరైనా కోస్తారు, చూడ్డం తెలియాలి,” అన్నారు, వేలు పైకెత్తి. నేనూ నవ్వాను. అది నన్ను నేను క్షమించని విషయం. వాళ్లు నవ్వినందుకు కాదు నాకు మంట, వాళ్లతో పాటు నేను పళ్లు బయటపెట్టినందుకు. ఆ తరవాత నేనెప్పుడూ అడగలేదు. మానిపోయిందనుకున్నారు. అది పదకొండేళ్లుగా లోపల సలుపుతూనే ఉంది.

ఇప్పుడు నా ఎడమ బొటనవేలు బిగుసుకుపోతోంది. పొద్దున్న లేవగానే వంగదు, వేణ్ణీళ్లలో పెట్టి నెమ్మదిగా విప్పుకోవాలి. డాక్టరమ్మ చూసి, “ఇంకో ఏడాది ఈ మాత్రం పనిచేస్తే అదృష్టం,” అంది. అంటే ఆ స్లైడులు కోసింది నేనే అని కోసి చూపించగలిగేది ఈ ఏడాదే. ఆ తరవాత నేను నోటితో ఎంత చెప్పుకున్నా, చెయ్యి ఆడని ముసలిదాని మాట ఎవరు వింటారు? ఎల్లుండి ఆ గడిలో ఆయన పేరు సిరాతో ఎక్కిందంటే నేను బతికుండగానే నా చేతులు లేనట్టే.

మర్నాడు బజారుకి వెళ్లాను. లేత పొద్దుతిరుగుడు కాడలు తెచ్చాను, ఆయన చెప్పినట్టే. దార్లో ఒక ఇంటి పెరట్లో చిటికెనవేలంత లావున లేత మొక్కజొన్న మొక్కలు పెరుగుతున్నాయి. ఆ ఇల్లావిడని అడిగి రెండు పీక్కున్నాను. అక్కడి దాకా నాకేమీ పథకం లేదు, నిజం. చేతిలో రెండు కాడలూ పక్కపక్కనే పడేసరికి ఒళ్లంతా చల్లగా అయింది.

వృక్షశాస్త్రం చదివే పిల్లలకి మొదటి నెలలో చెప్పే పాఠం ఒకటుంది. పొద్దుతిరుగుడు లాంటి ద్విదళబీజం కాడని కోసి చూస్తే నాళికాపుంజాలు, అంటే నీళ్లు మోసే గొట్టాల కట్టలు, గుండ్రంగా వలయం కట్టి ఉంటాయి. మొక్కజొన్న లాంటి ఏకదళబీజం కాడలో అవి కిందపడ్డ గింజల్లా చెల్లాచెదురుగా ఉంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే చాలు, పొరబడే వీల్లేదు. కంటితో చూస్తే మాత్రం, రంగు వెయ్యకుండా నీళ్లలో ఉంటే, రెండూ ఒక్కలాగే ఉంటాయి. నీటి మీద నీడలాగ.

ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లిన సమయంలో బల్ల తుడిచి, వేణ్ణీళ్లలో బొటనవేలు నానబెట్టుకుని, కత్తి సానపట్టాను. సానరాయి మీద ఇరవైసార్లు, తోలుపట్టీ మీద నలభైసార్లు. ఎప్పుడూ పట్టనంత పదును పట్టాను. వెంట్రుక వేసి చూసుకున్నాను. ఆ తరవాత మొక్కజొన్న కోశాను. పాతిక అడిగారు, పాతికే. పల్చగా అన్నారు, ఆ పల్చదనం నా జన్మలో మళ్లీ రాదు. గాజు గిన్నెలో వేసి, గుడ్డ కప్పి, పొద్దుతిరుగుడు కాడల కట్ట పక్కనే పెట్టాను. ఆయన వచ్చి గుడ్డ ఎత్తి చూశారు. “బాగున్నాయి,” అన్నారు. చూడ్డం తెలిసిన మనిషి.

ప్రారంభోత్సవం రోజు హాలు నిండా జనం. ఇప్పుడు చదువుతున్న పిల్లలు, ఒకప్పుడు చదివిన పెద్దలు, ఆనాడు భోజనాల దగ్గర నవ్విన ఆరుగురిలో నలుగురు. నన్ను ముందు వరసలో చివర కూచోమన్నారు, సామాను అందించడానికి వీలుగా. మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి, లోపల కనబడేది వెనక పెద్ద తెర మీద పడేలా పెట్టారు. మ్యూజియం అమ్మాయి బల్ల చివర ఫారం పట్టుకుని నిలబడింది. మా ఆయన కొత్త చొక్కాలో పెళ్లికొడుకులా వెలిగిపోతున్నారు. పొద్దుతిరుగుడు కాడని అందరికీ చూపించి, పేరు చెప్పి, బెండులో బిగించి, కత్తి తీశారు. కుడిచేత్తో నాలుగుసార్లు ఆడించారు. కుంచె ముంచారు. నా బిళ్లని పైకెత్తారు. ఎర్రరంగులో రెండు నిమిషాలు, నీళ్లలో కడుగు, గాజుపలక మీద పెట్టి పైన పల్చటి గాజుమూత. మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి, తెరకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి పాఠం అందుకున్నారు. ఆ పాఠం ఆయన నిద్రలో కూడా చెబుతారు.

“ఇప్పుడు మీరు చూస్తున్నది పొద్దుతిరుగుడు కాడ అడ్డుకోత. నాళికాపుంజాలు ఎంత చక్కగా వలయంగా అమరి ఉన్నాయో చూడండి. దండలో పూసల్లాగ.”

తెర మీద మొక్కజొన్న. చెల్లాచెదురుగా, ఎర్రగా, మనిషంత ఎత్తున.

మొదట రెండో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వుతూ తలాడించి, “వలయం బయట ఏముంది? చెప్పండి,” అన్నారు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. భయపడుతూనే అంది, “సార్, అందులో వలయం లేదు సార్. అది ఏకదళబీజం.”

ఆయన వెనక్కి తిరిగారు.

నేను ఆయన మెడ చూస్తున్నాను. కొత్తగా కత్తిరించిన జుట్టు కింద మెడ మెల్లగా ఎర్రబడడం మొదలుపెట్టింది. చెవుల దాకా పాకింది. ఆ తరవాత ఆయన తిరిగి నన్ను చూశారు. ఇన్నేళ్లలో మొదటిసారి నేను చేసిన పనిని చూసిన చూపు అది. నేను కళ్లు దించుకోలేదు.

“సామాను మారిపోయింది,” అన్నారు గొంతు సవరించుకుని. “మా ఆవిడ పొరపాటున వేరే గిన్నె పెట్టింది.”

మ్యూజియం అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది, “అంటే ఇది మీరు ఇప్పుడు కోసింది కాదా సార్?”

ఆ ఆరుగురిలో ఒకాయన చేతి రుమాలుతో కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. “ఫర్వాలేదు సార్, ఇప్పుడు ఒక్కటి కోయండి, ఒక్కటి చాలు. ఎడమ చేత్తో కోస్తారు కదా, ఈ కత్తికి అదే వీలు,” అంది మ్యూజియం అమ్మాయి. ఆయన ముందు కుడిచేత్తోనే ప్రయత్నించారు. కత్తి కాడలోకి దిగబడి ఇరుక్కుంది. లాగితే కాడ రెండుగా చీలింది. ఇంకో కాడ. ఈసారి చితికిన ముక్కలు వచ్చాయి. అప్పుడు ఎడమ చేతిలోకి మార్చుకున్నారు, చంటిపిల్లాడు చెంచా పట్టుకున్నట్టు, పిడికిలితో. నేను పట్టిన పదును ఊరికే పోలేదు. కత్తి కాడని వదిలేసి ఆయన కుడి బొటనవేలి చివర కోసింది. పెద్ద గాయమేం కాదు, నాకలాంటివి వందైనా తెగుంటాయి. ఎర్రటి చుక్క తెల్ల గుడ్డ మీద పడింది. నాకు జాలి కలుగుతుందేమోనని ఆగి చూసుకున్నాను. కలగలేదు. హాయిగా ఉంది. ఎండాకాలం చన్నీళ్లు పోసుకున్నంత హాయి. సిగ్గుపడాలేమో, పడలేదు.

ఆయన వేలికి రుమాలు చుట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు, ఎక్కడ పడేసినా కాళ్ల మీదే పడే నవ్వు. “వయసమ్మా, చూపు ఆనడం లేదు. ఇదిగో, రావోయ్, నువ్వొచ్చి ఒకటి కోసి చూపించు. ఆవిడకి నేనే నేర్పాను లెండి. నా చేతి విద్యే ఆవిడ చేతిలోకి వెళ్లింది.”

హాలు మొత్తం ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు కూడా రాబోయాయి. ఎంత సులువుగా మళ్లీ నన్ను మింగేశారో చూడండి. నేను కోస్తే ఆయన గురువు. కొయ్యకపోతే నాకు రాదు.

లేచి వెళ్లాను. బల్ల అటు పక్క నిలబడి, కత్తి మీద నెత్తురు తుడిచాను. చదును పక్క కిందికి తిప్పి, గుంటలో నాలుగు చుక్కల నీళ్లు పోశాను. బెండు కుడిచేతిలోకి, కత్తి ఎడమ చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు బిగుసుకుని ఉంది. ఈ ఒక్కసారికి వంగవే తల్లీ అనుకున్నాను. కొయ్యబోయే ముందు తల ఎత్తి, ముందు వరసకే కాదు, చివరి వరసకి కూడా వినబడేలా అడిగాను.

“మీరు నాకు ఏ చేత్తో నేర్పారండీ?”

ఆయన నోరు తెరిచారు. నేను ఆగాను. నాకేం తొందర లేదు. ఆయన కుడిచేతి వేలికి రుమాలు ఉంది, ఎడమ చెయ్యి ఆ రుమాలుని పట్టుకుని ఉంది. రెండు చేతులూ చూసుకున్నారు. ఆ ఒకాయన తుడుస్తున్న కళ్లజోడు చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు లాగాను. బొటనవేలు వంగింది. కత్తి పిడి దగ్గర నుంచి కొస దాకా జారింది, బిళ్ల నీటిలో తేలింది. రంగు వేసి, కడిగి, అద్దం కింద పెట్టాను. తెర మీద వలయం కట్టిన పొద్దుతిరుగుడు, ఒక్క చిరుగు లేకుండా, ఒక్క ముడత లేకుండా. నేను పాఠమేమీ చెప్పలేదు. ఇంకోటి కోశాను. మూడోది కోశాను. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల లేచి బల్ల దగ్గరికే వచ్చేసి నా ఎడమ చేతిని చూస్తూ నిలబడింది, దాని వెనకే ఇంకో నలుగురు.

మ్యూజియం అమ్మాయి పాత స్లైడుల అరలోంచి ఒకటి తీసి, నా కొత్త బిళ్ల పక్కన పెట్టి, రెంటినీ చాలాసేపు చూసింది. తరవాత ఫారం నా ముందు పెట్టి కలం ఇచ్చింది.

మా ఆయన నా భుజం దగ్గరికి వచ్చారు. మైకుకి వినబడకుండా, ముందు, “ఇంటికెళ్లాక మాట్లాడదాం,” అన్నారు. నేను కదలకపోయేసరికి గొంతు మారింది. ఆ గొంతు మా పెళ్లయిన కొత్తలో విన్నాను, మళ్లీ ఇన్నాళ్లకి విన్నాను. “ఇద్దరి పేర్లూ రాయవే. నా గదమ్మా అది. నా పరువు. ఇద్దరిదీ అని రాసెయ్యి, అందరికీ బాగుంటుంది.”

నిజమే, అందరికీ బాగుంటుంది. పెద్దమనసు అంటారు, ఫొటో తీస్తారు, ఆయన నా భుజం మీద చెయ్యి వేస్తారు. ఒక్క నిమిషం ఆలోచించాను, అబద్ధమెందుకు. ఆ తరవాత ‘కోసినవారు’ అన్న గడిలో నా పేరు రాశాను. పేరు చిన్నది, గడి పెద్దది. పక్కన ఇంకో పేరు పట్టేంత చోటు మిగిలింది. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. నా పేరు ఆఖరి అక్షరం దగ్గర కలం ఆనించి, అక్కడి నుంచి గడి చివరి దాకా గట్టిగా ఒక గీత గీసేశాను.